నీటికంటే ముందు వచ్చిన ఇనుపదారి



కొల్లేరుకు ఉత్తరం పక్కన ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే పెద్ద రైలు లైను ఉంది. దక్షిణం పక్కన గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం పోయే లైను ఉంది. ఈ రెండింటి నడుమ మన కొల్లేటికోట, పెద్దింట్లమ్మ తల్లి గుడి, చుట్టూ లంక గ్రామాలు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళూ, కృష్ణా గోదావరి డెల్టాల మురుగు కాలువలు దించిన నీళ్ళూ కొల్లేట్లో కలిసి, ఉప్పుటేరు దారి పట్టి, రైలు వంతెన కిందుగా సముద్రానికి పోతాయి. అంటే మన సరస్సు నీరు ఇనుప పట్టాల కింద నుంచి సాగిపోతోంది.

రెండు వైపులా రైలు కూత వినబడే ఊళ్ళు మనవి. రైలు పేరెత్తితే మనకు హౌరా వెళ్ళే చేపల పెట్టెలు గుర్తొస్తాయి, చదువులకూ పెళ్ళిళ్ళకూ చేసిన ప్రయాణాలు గుర్తొస్తాయి. మన పొలానికి నీరు రావడం వెనక కూడా ఒక రైలుదారి ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. గోదావరి గడ్డ మీద మొదటి ఇనుప పట్టాలు పరిచింది రాయి మోయడానికి. ఆ రాయి ధవళేశ్వరం ఆనకట్ట అయింది. ఆ ఆనకట్ట నుంచే నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా కాలువ పారింది. ఈ పూట ఆ పట్టాల కథ, వాటి తర్వాత గోదావరిని దాటిన ఇనుప వంతెన కథ మీకు చెప్పాలని వచ్చాను.

ఈ కథ మొదలు కోసం కాసేపు దూరదేశం వెళ్ళి రావాలి. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మెర్థర్ టిడ్‌ఫిల్ అనే ఊరు, ఊరి పక్కన టాఫ్ నది. 18వ శతాబ్దం చివరికి ఆ ఊరు ఇనుప కొలుములకు పేరుపడింది. రిచర్డ్ క్రాషే అనే యజమాని చేతిలో ఉన్న సైఫార్థ్‌ఫా కార్ఖానా వాటిలో పెద్దది. ఇనుప ఖనిజాన్ని కరిగించేటప్పుడు అందులోని మలినాలు విడిపోవడానికి సున్నపురాయి వెయ్యాలి. ఆ రాయి నదికి అవతలి గట్టున ఉన్న క్వారీలో దొరికేది. కొలిమి గాలితిత్తులను తిప్పే చక్రాలకు నీరు కూడా కావాలి. రాయీ నది దాటాలి, నీరూ నది దాటాలి. ఒక్కో దానికి ఒక్కో వంతెన కట్టడం దండగ.

అక్కడి ఇంజనీరు వాట్కిన్ జార్జ్ 1793లో రెంటికీ కలిపి ఒకే వంతెన కట్టాడు. పేరు పాంట్-ఎ-కావ్నై. పొడవు సుమారు 14 మీటర్లు. మొత్తం పోత ఇనుము. నీరు పారడానికి ఇనుప తొట్టి, దాని పైన బళ్ళు నడవడానికి పట్టాలు. జార్జ్ అసలు వృత్తి వడ్రంగం. అందుకే ఆ వంతెనలో ఇనుప దూలాలను కూడా కొయ్య దూలాలను అతికినట్టే అతికాడు. ఒకదానికి తొలి, ఇంకొకదానికి కుసి. చేతికి తెలిసిన విద్యనే కొత్త లోహానికి నేర్పాడు. ఇప్పటికీ నిలిచి ఉన్న ఇనుప రైలు వంతెనల్లో అన్నిటికంటే పాతదిగా చరిత్రకారులు దాన్నే లెక్కిస్తారు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1779లో, ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర సెవర్న్ నది మీద ప్రపంచంలోనే మొదటి పెద్ద ఇనుప వంతెన నిలబెట్టారు. దాన్నీ వడ్రంగం అతుకులతోనే కట్టారు. అయితే అది రోడ్డు వంతెన. పట్టాలను మోసిన ఘనత మెర్థర్ వంతెనది.

అప్పటికి పట్టాల మీద నడిచే ఆవిరి ఇంజను రాలేదు. పట్టాల మీద బళ్ళను గుర్రాలు లాగేవి. మరి పట్టాలు ఎందుకు? మట్టి రోడ్డు మీద చక్రం దిగబడుతుంది, రాళ్ళకు తగులుతుంది. ఇనుము మీద ఇనుము నడిస్తే ఆ అడ్డు చాలామటుకు పోతుంది. రోడ్డు మీద ఒక గుర్రం లాగే బరువుకు ఎన్నో రెట్లు పట్టాల మీద అదే గుర్రం లాగుతుంది. ట్రామ్ దారి బలమంతా ఇంతే. 1804 ఫిబ్రవరి 21న అదే మెర్థర్ దగ్గర పెనిడారెన్ ట్రామ్ దారి మీద రిచర్డ్ ట్రెవితిక్ తన ఆవిరి ఇంజనుతో పది టన్నుల ఇనుమునూ డెబ్బై మంది మనుషులనూ లాగించి చూపాడు. ఇంజను నెగ్గింది కాని, దాని బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగాయి.

ఆ విరగడంలో ఒక పాఠం ఉంది. పోత ఇనుము నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, సాగదీతకు ఓర్చుకోలేదు. కమానుగా వంచి కడితే బరువంతా నొక్కుడుగా దిగుతుంది కనుక నిలుస్తుంది. తిన్నటి దూలంగా వేస్తే కింది అంచు సాగుతుంది, పగులుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ప్రాణాలు బలి ఇవ్వాల్సి వచ్చింది. 1847 మే 24న చెస్టర్ దగ్గర డీ నది మీద రైలు పోతుండగా పోత ఇనుప గర్డరు విరిగింది, ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత వంతెనల వాళ్ళు పోత ఇనుప దూలాలను నమ్మడం మానేశారు. చేత ఇనుము, దాని తర్వాత ఉక్కు ముందుకొచ్చాయి.

ఆ 1847 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైన ఏడు కూడా అదే.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. 1832-33లో వచ్చిన నందన కరువు పేరు మన పెద్దల నోట చాలాకాలం నిలిచింది. గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి ఎక్కలేదు. ఎక్కిన ఏడు వరదై ఎక్కింది, దిగిన ఏడు కరువై దిగింది. రాజమహేంద్రవరం జిల్లాలో 1821లో 7,38,000 మంది ఉంటే, 1841 నాటికి 5,61,000 మంది మిగిలారు. ఇరవై ఏళ్ళలో ఒక జిల్లా ఇంతమందిని పోగొట్టుకుందంటే ఏ ఇంట ఏం జరిగి ఉంటుందో ఊహించుకోగలం.

ఈ స్థితిని చూసి ఆర్థర్ కాటన్ 1844లో నివేదిక రాశాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అక్కడ అడ్డుకట్ట వేసి నీటిమట్టం పెంచితే, డెల్టా అంతా కాలువలతో పారించవచ్చని ఆయన వాదన. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయలు. నాలుగూ కలిపితే కట్టవలసిన కట్ట మూడున్నర కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు పన్నెండు అడుగులు.

అయితే చిక్కు అడుగున ఉంది. అక్కడ నది అడుగు బండరాయి కాదు, ఇసుక. ఇసుక మీద కట్ట నిలుస్తుందా? నిలుస్తుందని కాటన్‌కు చెప్పింది ఇంగ్లండు పుస్తకాలు కాదు, కావేరి మీద చోళులు కట్టిన కల్లణై. తంజావూరు ప్రాంతంలో పనిచేసినప్పుడు ఆయన ఆ పాత ఆనకట్టను చదువుకున్నాడు. ఇసుక నది మీద బోలెడంత రాయి గుట్టగా పోసి, పైన గట్టి కట్టుబడి కప్పితే, ఆ బరువే దాన్ని కాపాడుతుంది. 1836లో కొల్లిడం నది మీద అదే పద్ధతిని వాడి చూశాడు. ధవళేశ్వరంలో కూడా లోతు తక్కువ బావులు దింపి, గోడలు లేపి, వాటి నడుమా దిగువనా రాయి నింపే పద్ధతే పెట్టుకున్నాడు.

అంటే మొత్తం పని రాయి మీద ఆధారపడి ఉంది. గోదావరిలో పని చేయగలిగేది వరద తీసిన తర్వాత, మళ్ళీ వరద రాకముందు, ఆ కొద్ది నెలలే. ఈలోగా కొండంత రాయి నదిలోకి చేరాలి. సగం పోసిన కట్ట మీద వరద వస్తే పోసింది కూడా పోతుంది. ఎడ్లబళ్ళ మీద మోస్తే కాలం చాలదు. అందుకని ధవళేశ్వరం గుట్టల్లోని క్వారీ నుంచి నది ఒడ్డు దాకా ఇనుప పట్టాలు పరిచారు. గుట్టలో కొట్టిన రాయి బండి మీద పట్టాల వెంట ఒడ్డుకు, ఒడ్డు నుంచి పడవల మీద కట్ట దగ్గరికి చేరింది.

కాటన్‌కు ఇది తొలి ప్రయత్నం కాదు. 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేటకు రోడ్లు వేయడానికి ఎర్రరాయి మోసిన రైలుదారి పనిలో ఆయన ఉన్నాడు. భారతదేశంలో తొలి రైలుదారిగా చెప్పుకునేది అదే. ధవళేశ్వరం పట్టాలు 1840ల నడుమ వచ్చాయి. బొంబాయి నుంచి ఠాణేకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. పాఠ్యపుస్తకాల్లో మన పిల్లలు చదివే తేదీ అది. ఆ తేదీకి ఏళ్ళ ముందే గోదావరి ఒడ్డున ఇనుప చక్రాలు తిరిగాయి. దేశ రైలు చరిత్రలో మొదటి పేజీల్లో మన గోదావరికి చోటుంది. ఆ మాట మనం గట్టిగా చెప్పుకోవాలి.

మెర్థర్ వంతెననూ ధవళేశ్వరం పట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడా క్వారీ, ఇక్కడా క్వారీ. అక్కడా రాయి మోసింది, ఇక్కడా రాయి మోసింది. అక్కడ ఆ రాయి కొలిమిలోకి పోయి ఇనుము తీయడానికి పనికొచ్చింది, యజమానికి లాభమైంది. ఇక్కడ రాయి నదిలోకి పోయి కట్ట అయింది, లక్షలమందికి అన్నమైంది. ఇనుపదారి అనే ఒకే సాధనం ఎవరి అవసరానికి పనిచేసిందనే దాన్ని బట్టి దాని విలువ మారింది.

1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. నడుమ జబ్బు చేసి కాటన్ సెలవు మీద వెళ్ళినప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. ఇద్దరికీ కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. వేలమంది కూలీలను కుదుర్చుకోవడం, వాళ్ళకు సకాలంలో పని చూపడం, వరద లోపు పని తెమల్చడం ఆయన చేతిమీదుగా నడిచాయి. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో తక్కువ. వీరన్న పేరు కూడా అదే ఊపిరిలో చెప్పాలి. గుట్టల్లో రాయి కొట్టినవాళ్ళు, బండి తోసినవాళ్ళు, పడవ నడిపినవాళ్ళు ఈ దేశపు మనుషులే. కరువు తిన్న జిల్లాలో మిగిలిన మనుషులు, తమ పిల్లలను ఇంకో కరువు తినకుండా ఆ రాయి మోశారు.

ఆ తర్వాత కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. గోదావరి వైపు నుంచి ఒక కాలువ, కృష్ణ వైపు నుంచి ఒక కాలువ ఏలూరులో కలిశాయి. దాంతో రాజమహేంద్రవరంలో పడవ ఎక్కి, ఏలూరు మీదుగా బెజవాడకు, అక్కడ నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీటి మీదే పోవడం వీలయింది. ధాన్యం పడవ, ఉప్పు పడవ, పెళ్ళివారి పడవ, అన్నీ లాకులు దాటుకుంటూ మన ఊళ్ళ పక్కనుంచి నడిచాయి.

ఇక్కడ కాటన్ స్వభావం గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. రాయి మోయడానికి పట్టాలు వేసిన ఆ మనిషే, తర్వాత జీవితమంతా ఈ దేశానికి రైళ్ళకంటే కాలువలు మేలని వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం ముందు కూడా ఆ వాదం వినిపించాడు. కాలువ పొలం తడుపుతుంది, సరుకూ మోస్తుంది, కూలి తక్కువ అని ఆయన లెక్క. ఇనుపదారి మీద ఆయనకు పగ ఏమీ లేదు. ఏ పనికి ఏది తగునో చూసేవాడు. తక్కువ దూరం, ఎక్కువ బరువు, కొద్దికాలం అయితే పట్టాలు. తరతరాల మేలుకు నీరు. ఈ విచక్షణ నేటికీ మనకు కావలసిందే.

అయినా రైలు రాక ఆగలేదు. 1893 నుంచి 1896 లోపు బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను తెరిచారు. అలా ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి రైలు వచ్చింది. కాని గోదావరి దగ్గర దారి తెగిపోయేది. కొవ్వూరులో దిగి, రేవు దాటి, రాజమహేంద్రవరంలో మళ్ళీ రైలెక్కాలి. వరద రోజుల్లో ఆ రేవు దాటడం ఎంత కష్టమో గోదావరి వాసులకు చెప్పనక్కరలేదు.

1897 నవంబరులో వంతెన పని మొదలైంది. ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. అంతకు ముందు కాశీ దగ్గర గంగ మీద, 1887లో తెరిచిన వంతెన కట్టిన అనుభవం ఆయనది. గోదావరిలో మళ్ళీ అదే చిక్కు, అడుగున ఇసుక. మన పెరట్లో ఒరల బావి ఎలా దింపుతామో అదే పద్ధతి ఇక్కడా నడిచింది. గుండ్రటి కట్టుబడి లేపి, లోపలి ఇసుక తోడుతూ పోతే, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. గట్టి నేల తగిలే దాకా దింపి, లోపల నింపి, దాని మీద స్తంభం లేపారు. అలాంటి స్తంభాల మీద 56 ఖానాలు, ఒక్కో ఖానా 150 అడుగులు. రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. 1900 ఆగస్టులో రైళ్ళు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. ఆ వంతెనతో మద్రాసు నుంచి కలకత్తా దాకా కోస్తా వెంట దారి అతుక్కుంది.

వడ్రంగి చేతి అతుకులతో 14 మీటర్లు దాటిన ఇనుము, నూరేళ్ళు గడిచేసరికి గోదావరిని దాటింది. ఆ నూరేళ్ళలో పోత ఇనుము విరిగింది, చేత ఇనుము వచ్చింది, ఉక్కు వచ్చింది. ఇనుము మనకు కొత్త లోహం కాదు. నిర్మల్ ప్రాంతంలో కోనసముద్రం కొలుముల ఉక్కు పశ్చిమాసియా కత్తుల దాకా పోయిందని చరిత్ర చెబుతోంది. అంత పనితనం ఉన్న నేల మీదికి, వంతెన ఉక్కు మాత్రం పరాయి పాలకుల చేతి మీదుగా వచ్చింది. అది మన చరిత్రలో నొప్పి కలిగించే భాగం. అయితే ఆ వంతెన మీద నూరేళ్ళు నడిచిన బతుకు మాత్రం మనదే.

హేవలాక్ వంతెన ఒకే లైనుది. రద్దీ పెరిగాక 1974లో రోడ్డు, రైలు కలిసిన రెండో వంతెన, ఆ తర్వాత కమానుల వంతెన వచ్చాయి. 1997లో పాత వంతెన మీద రైళ్ళు ఆగాయి. దాదాపు వందేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంది.

ఇక అసలు మాటకు వస్తున్నాను. వేల్స్‌లో ఆ 14 మీటర్ల చిన్న వంతెనను చట్టం కింద రక్షిత కట్టడంగా కాపాడుకుంటున్నారు. అక్కడికి దగ్గరలో, అబర్‌డేర్ పక్కన, 1811 నాటి రాబర్ట్స్‌టౌన్ ట్రామ్ వంతెనను కూడా అలాగే నిలుపుకున్నారు. ఇంగ్లండులో జార్జ్ స్టీవెన్సన్ గాన్‌లెస్ నది మీద వేసిన ఇనుప వంతెన పని అయిపోయాక, ముక్కలు విప్పి మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. కోల్‌బ్రూక్‌డేల్ వంతెన ఉన్న లోయ 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. వాళ్ళకు అవి కోటలూ కోవెలలూ కావు. కూలీలు నడిచిన దారులు. అయినా వాటిని కాపాడుకున్నారు, ఎందుకంటే దేశం ఎలా బతికిందో ఆ దారులే చెబుతాయి.

మనం రాజుల శాసనాలు చదువుతాం, గుడుల స్తంభాలు లెక్కపెడతాం. అది మంచిదే. రాయి మోసిన పట్టాల జాడ, నీరు మళ్ళించిన లాకు తలుపు, నది దాటించిన గర్డరు కూడా మన శాసనాలే. గోదావరి డెల్టాలో సుమారు పది లక్షల ఎకరాలు ఈ రోజు పచ్చగా ఉన్నాయంటే ఆ పనిముట్లకు అందులో వాటా ఉంది. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కాటన్ బ్యారేజీ ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. అక్కడ గుట్టల నుంచి ఒడ్డుకు పట్టాలు దిగిన కథ పిల్లలకు అర్థమయ్యే పటంగా, ఫలకంగా కనిపించాలని నా కోరిక. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో హేవలాక్ వంతెనను కూడా చేర్చారు. అక్కడికి పోయే జనానికి గోదావరి గాలితో పాటు ఆ 56 ఖానాల వెనక ఉన్న విద్య కూడా అందాలి. వాల్టన్ బావులు ఎలా దింపాడో, ధవళేశ్వరంలో రాయి ఎలా చేరిందో, రెండూ ఒకే చోట చెప్పవచ్చు.

కొల్లేటికోట నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉన్న మన ఊళ్ళలో చేయగలిగిన పని కూడా ఒకటుంది. మీ కాలువ మీద పాత లాకు ఉంటుంది, ఇనుప షట్టరు ఉంటుంది, చిన్న గర్డరు వంతెన ఉంటుంది. వాటిలో కొన్నింటి మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం పోత పోసి ఉంటాయి. ఉపాధ్యాయులారా, ఒక సెలవు రోజున పిల్లలను కాలువ గట్టు వెంట తీసుకుపోయి ఆ అక్షరాలు చదివించండి, ఫొటో తీసి రాయించండి. రైలు పట్టాల మీదికి మాత్రం పోనివ్వకండి. లాకు తీసే పనిలో ముసలివాళ్ళయిన లస్కర్లు ఉంటే వాళ్ళ మాట రికార్డు చేయండి. పడవ సరంగుల ఇళ్ళలో పాత రసీదులు, ఫొటోలు ఉంటే నకలు తీసుకోండి. రాసినదంతా మీ గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టండి. పాత తలుపు మార్చి కొత్తది పెట్టినప్పుడు, పాతదాన్ని తుక్కు బండికి ఎత్తకముందు ఊరివాళ్ళే అడగాలి, దీని వయసెంత, ఇది ఏ పొలాన్ని తడిపింది అని. ఆ ప్రశ్న అడిగే ఊరిలో చరిత్ర తుక్కు కింద పోదు.